అద్దాల గదికి మోటారు తెరలు: అద్దం బిగించక ముందే తేల్చుకోవలసిన సంగతులు

ఒంగోలులో మీ ఇంటి వెనక, పడమటి వైపు, 16 అడుగుల పొడవు 12 అడుగుల వెడల్పుతో అద్దాల గది కడుతున్నారనీ, పడమర, దక్షిణం వైపులు నేల నుంచి పైదాకా అద్దమేననీ, పైకప్పు కూడా వాలుగా అద్దంతోనే వేస్తున్నారనీ రాశారు. ఫ్రేము నిలబడింది గాని అద్దాలు ఇంకా రాలేదు. లోపలి వైపు బ్యాటరీ మోటార్లతో రోలర్ బ్లైండ్లు (గొట్టానికి చుట్టుకునే బట్ట తెరలు) వేసి ఫోనుతో నడిపేలా చేస్తామని ఒక దుకాణం వారు చెప్పారు. గది పూర్తయ్యాక కొలతలు తీసుకుంటే సరిపోతుందా, ఆ బ్యాటరీ మోటార్లు మన ఎండలకు నిలుస్తాయా అన్నవి మీ ప్రశ్నలు. రెండింటికీ నా జవాబు కాదనే. నెల్లూరు, ఒంగోలు, కావలి ప్రాంతాల్లో ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. గది పూర్తయ్యాక పిలిచిన చోట్ల సగం డబ్బు గోడలు మళ్లీ పగలగొట్టడానికే పోతుంది, మిగతా సగంతో వేసిన తెరలు వేడిని ఆపవు.

ముందు వేడి సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. సూర్యకాంతి అద్దంలోంచి సులువుగా లోపలికి వస్తుంది. లోపల తెర మీదో, నేల మీదో పడి వేడిగా మారాక, ఆ వేడి మళ్లీ అద్దంలోంచి అంత సులువుగా బయటికి పోదు. కాబట్టి లోపలి బ్లైండు ఎంత మందంగా ఉన్నా, అది ఎండను అద్దం దాటి వచ్చాక అడ్డుకుంటోంది. లేత రంగు బట్ట అయితే కొంత కాంతిని వెనక్కి పంపుతుంది, మిగిలినది బట్టను కాల్చి, ఆ వేడిని గదికే ఇస్తుంది. అదే తెర అద్దానికి బయట ఉంటే, కాలేది బయటి బట్ట, చల్లార్చేది బయటి గాలి. మన పెద్దలు వట్టివేళ్ల తడికలను కిటికీలకు బయటి వైపు కట్టి నీళ్లు చల్లేవారు గాని గది లోపల వేలాడదీయలేదు. లోపలి తెరలు చూపు మరుగుకూ, కళ్లకు కొట్టే వెలుతురు తగ్గించడానికీ, రాత్రి వేళ అద్దం నల్లగా కనిపించకుండా ఉండడానికీ బాగా పనికొస్తాయి. రోహిణి కార్తెలో గదిని వాడుకోగలిగేలా చేయడం వాటి వల్ల కాదు.

రెండో సంగతి, ఏ వైపు ఎండ ఎప్పుడు వస్తుందన్నది. ఒంగోలు సుమారు పదిహేనున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు రెండో వారంలోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి నడుమ కాలమంతా సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు కాబట్టి, నిండు వేసవిలో మీ దక్షిణపు అద్దం మీద నేరుగా ఎండ పడనే పడదు. చాలామంది దక్షిణం అనగానే భయపడి అక్కడే ఎక్కువ ఖర్చు పెడతారు. ఆ వైపు ఎండ వచ్చేది శీతాకాలంలో. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 51 డిగ్రీల ఎత్తు దాటడు, అందుచేత కిరణాలు వాలుగా గది లోపలి దాకా వస్తాయి. ఆ నెలల్లో మన ఊళ్లలో ఆ ఎండ బాధించేది తక్కువ, పొద్దున కాఫీ తాగేటప్పుడు హాయిగానే ఉంటుంది. దక్షిణానికి లోపలి వైపు చేత్తో లాగే మామూలు రోలర్ బ్లైండ్లు చాలు, వాటికి మోటారు అవసరం లేదు.

అసలు శత్రువులు పైకప్పు, పడమర. పైకప్పు లెక్క ఒకసారి వేసి చూడండి. పదహారు అడుగులను పన్నెండుతో గుణిస్తే 192 చదరపు అడుగులు, అంటే సుమారు 18 చదరపు మీటర్లు. మే నెల మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం ఉన్నప్పుడు చదరపు మీటరుకు వెయ్యి వాట్లకు దగ్గరగా ఎండ పడుతుంది. మామూలు తెల్ల లామినేటెడ్ అద్దం (రెండు అద్దాల నడుమ ప్లాస్టిక్ పొర అతికించినది) దానిలో ముప్పావు వంతు వరకు లోపలికి వదులుతుంది. మొత్తం 12 కిలోవాట్లకు పైగా వేడి. ఒక టన్ను ఏసీ తీయగలిగేది మూడున్నర కిలోవాట్లు. అంటే పైకప్పులోంచి వచ్చే ఎండను తోడడానికే మూడున్నర టన్నుల ఏసీ కావాలి. గోడల వేడి, మనుషుల వేడి, తలుపు తీసినప్పుడల్లా వచ్చే వడగాలి దీనికి అదనం.

కాబట్టి మీరు అడగకపోయినా ఒక మాట చెప్తాను: పైకప్పు అద్దాలకు ఆర్డరు ఇంకా ఇవ్వకపోతే, అందులో మూడింట రెండు వంతులు స్లాబుగానో, లోపల ఫోము ఉన్న శాండ్‌విచ్ ప్యానెల్‌గానో మార్చండి. ఇంటి గోడను ఆనుకొని నాలుగడుగుల పట్టీ మాత్రమే అద్దంగా ఉంచినా వెలుతురుకు లోటుండదు. మీ ఇంట్లో వాళ్లకు ఆకాశం పూర్తిగా కనిపించాలని పట్టుదల ఉంటే, కనీసం ఎండ వేడిని తగ్గించే సోలార్ కంట్రోల్ పూత ఉన్న అద్దం తీసుకోండి. దాని సోలార్ హీట్ గెయిన్ విలువ, అంటే పడిన ఎండ వేడిలో లోపలికి వచ్చే వంతు, 0.3 దగ్గర ఉండాలి, ఆ విలువను బిల్లు మీద రాయించుకోండి. తల మీద ఉండే అద్దం ఎప్పుడూ లామినేటెడ్‌దే కావాలి. కేవలం టఫెన్డ్ అద్దం (కాల్చి గట్టిపరిచినది) పైకి కనిపించే ఏ కారణమూ లేకుండా ఒక్కోసారి తనంతట తానే పగులుతుంది, పగిలితే ముక్కలన్నీ కింద కూర్చున్నవారి మీదికే వస్తాయి.

పైకప్పుకు తెర వేయాలంటే రెండు దారులు. మొదటిది బయటి వైపు పట్టాల మీద నడిచే బట్ట: ఒక కొసన చుట్ట, రెండో కొసన బట్టను బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగో మరో మోటారో ఉంటాయి. ఆ బిగువు లేకపోతే వాలు మీద బట్ట బొర్రలా జారి, వాన పడగానే అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఖర్చు ఎక్కువే, కానీ పని చేసేది ఇదే. రెండోది లోపలి వైపు ముడతలుగా మడుచుకునే ప్లీటెడ్ లేదా తేనెపట్టు బ్లైండు. తీగల మీద నడుస్తుంది, చూడడానికి అందంగా ఉంటుంది, వెలుతురును మెత్తబరుస్తుంది, వేడిని మాత్రం కొంతే తగ్గిస్తుంది. గోడకు వేలాడే మామూలు రోలర్ బ్లైండును పైకప్పుకు బిగించి కింద రెండు కొక్కేలు పెడతామనే వారిని వెంటనే పంపించేయండి.

పడమటి గోడ దగ్గరికి వస్తే, సాయంత్రపు సూర్యుడు నేలకు దగ్గరగా ఉంటాడు కాబట్టి ఎంత పెద్ద చూరు వేసినా పని చేయదు. నాలుగున్నర తర్వాత కిరణాలు చూరు కిందనుంచి నేరుగా సోఫా మీద పడతాయి. ఇక్కడ నిలువుగా దిగే బయటి తెర ఒక్కటే మార్గం, అందులోనూ జిప్ స్క్రీన్. దీని బట్ట అంచులకు జిప్పు పళ్లు ఉండి, రెండు పక్కలా అల్యూమినియం గాడిలో ఇరుక్కుని నడుస్తాయి కాబట్టి గాలికి బట్ట ఎగరదు, పక్కల్లోంచి ఎండ చారలు రావు. దీనికి మరో లాభం కూడా ఉంది: అంచులు మూసుకుని ఉండడం వల్ల సాయంత్రం అద్దపు తలుపు తెరిచి తెర దించి కూర్చుంటే దోమలు రావు. మన వైపు ఇది చిన్న విషయం కాదు.

బట్ట ఎంచుకునేటప్పుడు అమ్మేవారు 1 శాతం, 3 శాతం, 5 శాతం, 10 శాతం ఓపెన్‌నెస్ అంటారు. అల్లికలో ఖాళీ ఎంత ఉందో చెప్పే లెక్క అది. మీ పడమటి గోడకు 3 లేదా 5 శాతం సరిపోతుంది. ఒక్క శాతం పెడితే పగలే గది చీకటిగా, మూసుకుపోయినట్టు ఉంటుంది. పది శాతం పెడితే సూర్యుడు గుండ్రంగా కనిపిస్తాడు. రంగు విషయంలో బయటి తెరకు ముదురు బూడిద రంగు తీసుకోండి. ముదురు రంగు బట్టలోంచి బయటి చెట్లు స్పష్టంగా కనిపిస్తాయి, లేత రంగు బట్ట ఎండకు తెల్లగా మెరిసి చూపును అడ్డుకుంటుంది. ముదురు రంగు ఎక్కువ కాలుతుంది గదా అంటే, కాలేది బయటే కాబట్టి ఫర్వాలేదు. లోపలి తెరలకు ఈ సూత్రం తలకిందులవుతుంది, అద్దం వైపు ముఖం తెల్లగా ఉండాలి. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద ముక్క చూసి తేల్చుకోవద్దు. కనీసం రెండు చేతుల వెడల్పు నమూనా తెచ్చుకుని, సాయంత్రం నాలుగు గంటలకు పడమటి కిటికీ బయట ఒకరు పట్టుకోగా, లోపల కుర్చీలో కూర్చుని దాని వైపు ఓ పది నిమిషాలు చూడండి. కళ్లు చికిలించాల్సి వస్తే ఒక మెట్టు తగ్గించండి.

బయటి తెరలంటే మన తీరంలో గాలి, ఉప్పు రెండూ లెక్కలోకి వస్తాయి. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కోస్తా ఆంధ్రకు ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా పెట్టింది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అద్దాల ఫ్రేము ఆ లెక్కకు నిలవాలి. తెర నిలవదు, నిలవాలని ఆశించకూడదు. తుపాను హెచ్చరిక రాగానే తెరను పూర్తిగా పైకి చుట్టేయాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశాం గదా, గాలి ముదిరేలోపే కరెంటు పోతుంది. అందుకే గాలిని పసిగట్టి తెరను తానే చుట్టే సెన్సరు ఒక్కదాన్నే నమ్ముకోకండి. మోటారు లైను ఇన్వర్టర్ మీద ఉండాలి, లేదా కరెంటు లేకుండా హ్యాండిల్‌తో తిప్పి చుట్టే ఏర్పాటు ఉన్న మోటారు తీసుకోవాలి. రెండూ ఉంటే మరీ మంచిది. ఇన్వర్టర్ మామూలు లైను లాంటి కరెంటునే ఇచ్చే సైన్ వేవ్‌దే కావాలి. పాత రకం స్క్వేర్ వేవ్ మీద మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది.

ఉప్పు సంగతి ఒంగోలులో కొత్తపట్నం వైపు ఇళ్లవారికి బాగా తెలుసు. మామూలు ఇనుప స్క్రూలు రెండు వానాకాలాలు గడిచేసరికి తల చుట్టూ ఎర్రగా కారి, పక్క గాడి మీద గీతలు పడతాయి. అల్యూమినియానికి పౌడర్ కోటింగు, స్క్రూలకు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. 304 గ్రేడు ఇస్తామంటారు, సముద్రానికి ఇంత దగ్గరలో నేను ఒప్పుకోను.

ఇక గది పూర్తయ్యేదాకా ఎందుకు ఆగకూడదంటే, బయటి తెర పెట్టె సుమారు ఐదారు అంగుళాల చదరంగా ఉంటుంది, దాన్ని మోయడానికి ఫ్రేము పైన గట్టి బీము కావాలి, అద్దం పట్టే సన్నని సెక్షన్‌కు దాన్ని బిగించకూడదు. ఫ్రేము చేసే వారికి ఇప్పుడే చెప్తే అక్కడ ఒక బాక్స్ సెక్షన్ వెల్డు చేసి ఇస్తారు. లోపలి తెరలకు కూడా ఫాల్స్ సీలింగులో ఆరు అంగుళాల గాడి వదిలితే చుట్ట కనిపించకుండా పోతుంది. అయితే ఆ గాడి మూసేసేటప్పుడు మోటారు ఉన్న కొస దగ్గర తెరుచుకునే పలక తప్పనిసరిగా ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు మోటారు బయటికి తీయాల్సి వస్తుంది, ఆ రోజు సీలింగు కోయడం చూడలేరు.

తెరల విభజన అద్దాల నిలువు కమ్మీలకు సరిపోవాలి. మీ పడమటి వైపు 16 అడుగులు ఒకే తెరగా వేయవచ్చు గాని నేను వేయను. అంత పొడవు గొట్టం నడుమ వంగుతుంది, బట్ట మీద వి ఆకారంలో ముడతలు పడతాయి. పైగా తోటలోకి వెళ్లాలంటే మొత్తం తెర ఎత్తాలి. తలుపు భాగానికి ఒకటి, మిగతా దానికి ఒకటి లేదా రెండు చేయండి. తలుపు హ్యాండిల్ ఎంత ముందుకు పొడుచుకు వస్తుందో కొలిచి, తెర దానికి తగలకుండా దూరం ఉంచండి. తయారీ కొలతలు మాత్రం గ్రానైట్ పరిచి, ప్లాస్టరింగు అయ్యాకే ఇవ్వాలి. వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచి చిన్నదాన్ని తీసుకోవాలి. రెండు కర్ణాలు కొలిస్తే తేడా అర అంగుళం లోపు ఉండాలి, లేదంటే ఫ్రేము మూలమట్టంలో లేదని అర్థం. పై బీము రసమట్టానికి సరిగ్గా లేకపోతే బట్ట చుట్టుకునేటప్పుడు ప్రతి చుట్టుకూ కొద్దికొద్దిగా ఒక పక్కకు జరిగి, చివరికి అంచు గాడిలో నలిగి చినుగుతుంది.

బ్యాటరీ మోటార్ల గురించి. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మే నెలలో ఒంగోలులో నీడలోనే 44, 45 డిగ్రీలు చూస్తాం. అద్దాల కప్పు కిందనున్న సీలింగు గాడిలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. సోలార్ పలకతో చార్జి అయ్యే రకమైతే సరిగ్గా ఆ వేడిలోనే చార్జి అవుతుంది. ఆ బ్యాటరీలు రెండు మూడు వేసవులు గడిచేసరికి నీరసపడతాయి. పడక గదిలో నీడ కిటికీకి అవి చక్కగా పనికొస్తాయి, మీ అద్దాల గదికి పనికిరావు. పైగా బలం చాలదు. లెక్క చూడండి: తొమ్మిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు గల బయటి తెర బట్ట, కింది బరువు కడ్డీ కలిపి పది కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని నాలుగు సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గొట్టం మీద ఎత్తడానికి సుమారు 4 న్యూటన్ మీటర్ల తిప్పే బలం (టార్క్) కావాలి. జిప్పు గాడిలో రాపిడి, దుమ్ము, గాలి నెట్టుడు కలుపుకుంటే రెట్టింపు దాటుతుంది కాబట్టి 15 లేదా 20 న్యూటన్ మీటర్ల మోటారు వేస్తాం. చిన్న బ్యాటరీ మోటార్లు ఒకటి రెండు న్యూటన్ మీటర్లవే.

అందుచేత చుట్ట గొట్టం లోపలే ఇమిడే 230 వోల్టుల ట్యూబులర్ మోటార్లు వేసుకోండి. వాటి కరెంటు ఖర్చు పెద్దదేమీ కాదు, నడిచే అర నిమిషం, ముప్పావు నిమిషం పాటు 150 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటాయి. ప్రతి మోటారు కొస దాకా మూడు తీగల లైను, ఫేజు, న్యూట్రల్, ఎర్తు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, గోడకు గాడి కొట్టేటప్పుడే పైపు వేయించండి. రిమోటు లేకుండా గోడ స్విచ్చుతో మాత్రమే నడిచే మోటారైతే నాలుగో తీగ కావాలి, ఎందుకంటే పైకి ఒక ఫేజు, కిందికి ఒక ఫేజు వెళ్తాయి. ఏది కొంటారో తేలకపోతే నాలుగు తీగలే వేయండి. ఈ లైనుకు విడిగా ఎక్కువ కరెంటు పోతే ఆపే 6 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, బయటి మోటార్లు వానలో ఉంటాయి గనుక ఎర్తు విషయంలో రాజీ వద్దు. గోడ స్విచ్చుతో నడిచే రెండు మోటార్లను ఒకే స్విచ్చుకు నేరుగా కలపవద్దని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ఒకటి ఆగినా రెండో దానిలోంచి వెనక్కి కరెంటు వచ్చి లోపలి భాగాలు కాలిపోతాయి. పైకీ కిందికీ ఒకేసారి నొక్కడానికి వీల్లేని బ్లైండు స్విచ్చే వాడాలి, మామూలు ఫ్యాను, లైటు స్విచ్చులు రెండు పక్కపక్కన పెట్టి సరిపెట్టకూడదు. బిగించే రోజు ఎత్తు దింపు హద్దులు సరిచూస్తూ పదేపదే నడిపితే నాలుగైదు నిమిషాలకు మోటారు ఠక్కున ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, వేడెక్కి తనను తాను కాపాడుకోవడం. పావుగంట వదిలేస్తే మళ్లీ నడుస్తుంది.

ఫోనుతో నడపడం మీకు సరదా అయితే పెట్టించుకోండి గాని, గోడ మీద ఒక బటనూ, ఒక రిమోటూ తప్పకుండా ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఫోనులో యాప్ తెరిచి తెర దించరు. వై-ఫై రకాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే అందుకుంటాయి, మీ రౌటరు 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇస్తుంటే అవి కలవవు. ఫోనుకంటే నేను ఎక్కువగా సిఫారసు చేసేది టైమరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పైకప్పు తెర పొద్దున తొమ్మిదింటికి, పడమటి తెర రెండున్నరకు తమంతట తామే దిగేలా పెడితే, మీరు ఊళ్లో లేకపోయినా గది కాలదు. కాలిన గదిని చల్లబరచడం చాలా కష్టం. మీరు నేలకు చీమకుర్తి నల్ల గ్రానైట్ అనుకుంటున్నామని రాశారు. అందం మాట అటుంచితే, ఎండ పడిన నల్ల రాయి సాయంత్రం ఏడింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఎండ పడే పడమటి మూడడుగుల పట్టీకైనా లేత రంగు రాయి వేయండి.

వాన రోజుల సంగతి ఒకటి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానాకాలంలో గాలికి భయపడి తడిసిన బట్టను అలాగే చుట్టేస్తాం. చుట్టడం తప్పదు, కానీ మర్నాడు ఎండ రాగానే పూర్తిగా దించి, ఆరాకే మళ్లీ చుట్టండి. తడి బట్ట వారం రోజులు చుట్టలో ఉంటే నల్లని బూజు మచ్చలు పడతాయి, అవి సబ్బుకు పోవు. పక్క గాడుల్లో చేరే వేపాకులు, పక్షి ఈకలను నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో ఊడ్చి, గాడిలో సిలికాన్ స్ప్రే కొట్టండి. నూనె, గ్రీజు పూయకండి, వాటికి దుమ్ము పట్టి గాడి బిగుసుకుపోతుంది.